పెసరబుట్ట సంఘం పాస్టరమ్మ

1957లో దసరా వెళ్లిన పదోనాడు సలోమి బోధన్‌లో బస్సు దిగింది. చంకలో రెండేళ్ల కూతురు ప్రిస్కిల్ల, పక్కన రెండు ట్రంకు పెట్టెలు, గోనెపట్టా చుట్టిన హార్మోనియం. ముందు గొడుగు వేసుకుని నడుస్తున్నవాడు ఆమె భర్త ఫిలేమోను పాస్టరుగారు. వానా లేదు, పెద్ద ఎండా లేదు. అయినా ఆయన గొడుగు విప్పే నడిచేవాడు. పాస్టరన్నవాడు వీధి మొదట్లోంచే కనబడాలని ఆయన అభిప్రాయం. ఆరడుగుల మనిషికి గొడుగు లేకపోయినా ఆ లోటేమీ ఉండదని సలోమికి తెలుసు. కానీ పెళ్లయిన నాలుగేళ్లలో ఏ మాట అనాలో, ఏ మాట మింగాలో కూడా ఆమెకు తెలిసొచ్చింది.

ఇద్దరిదీ గుంటూరు వైపు. వాళ్ల శాఖ సంఘాలన్నిటికీ పెద్దయిన ప్రెస్బిటరీ సభ హైదరాబాదులో ఉంది. ఆ సభే ఆయన్ని ఇక్కడికి పంపింది. బోధన్‌లో, నిజామాబాదులో క్రైస్తవులు లేకపోలేదు, గుళ్లూ లేకపోలేదు. లేనిదల్లా ప్రెస్బిటేరియన్ గుడి. వెళ్లి ఒకటి నాటి రమ్మన్నారు.

"నాటడానికి నారుండాలి కదండీ?" అని అడిగింది సలోమి బస్సులో.

ఆ మాట బాగుందని ఫిలేమోను చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పలేదు.

తారాబాయి అనే మరాఠీ ఆవిడ ఇంట్లో రెండు గదులు, పక్కనే జొన్నచొప్ప దాచే పొడుగాటి కొట్టం అద్దెకు దొరికాయి. చొప్ప తీసేసి, పేడతో అలికి, ఈతచాపలు పరిస్తే అదే గుడి. మధ్యాహ్నం తన కునుకు చెడగొట్టకూడదని తారాబాయి ఒక్కటే షరతు పెట్టింది. ఇంతకూ మీది ఏ గుడి అని కూడా అడిగింది. ఫిలేమోనుకు అలాంటి ప్రశ్న దొరకడమంటే పండగే. బిషపు ఒక్కడి మాట నడిచే సంఘాలు వేరు, జనం ఎన్నుకున్న పెద్దలు కూర్చుని నడిపే సంఘం వేరు అని, ఆ పేరు గ్రీకు భాషలోంచి వచ్చిందని అరగంట విప్పి చెప్పాడు. తారాబాయి ఓపికగా అంతా విని, గోడ మీంచి పక్కింటామెకు ఒక్క ముక్కలో అందించింది.

"పెసరబుట్ట అంటనే. వీళ్లది పెసరబుట్ట గుడి."

సాయంత్రానికి గల్లీ అంతటికీ అదే పేరు. మర్నాడు పోస్టుమాను కూడా "పెసరబుట్ట పాస్టరు సారు ఇల్లు గిదేనా?" అని అడుగుతూ వచ్చాడు. ఫిలేమోను రెండు రోజులు దిగులుపడ్డాడు.

"పోనీలెండి, ఉత్తరం ఇంటికొచ్చింది కదా" అంది సలోమి.

ఆమెకు భాషతో ఇంకో చిక్కు వచ్చింది. మొదటి వారం సంతలో బంగాళాదుంపలున్నాయా అని అడిగితే, కూరగాయలమ్మే సాయవ్వ ఆమెను ఎగాదిగా చూసి, "బంగారం గీడ దొరకదమ్మా, అవుసలోళ్ల దుకాణం కాడికి పో" అంది. సలోమి వేలు పెట్టి ఆలుగడ్డల కుప్పను చూపించాక గానీ బేరం మొదలవలేదు. ఆమె సిగ్గుపడలేదు. ఇంటికొచ్చి వంటింటి గోడ మీద బొగ్గుతో రాసుకుంది. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ.

"ఇక్కడన్నీ గడ్డలేనండీ, చాలా సులువు" అని భర్తకు చెప్పింది.

ఆయన వినలేదు. ఆదివారం ప్రసంగానికి ఏడు అంశాలు సిద్ధం చేసుకుంటున్నాడు. ఆయన ప్రసంగానికి ఎప్పుడూ ఏడు అంశాలే. వినేవాళ్లు భార్య, కూతురు, తారాబాయి పిల్లి.

వినేవాళ్లు దొరికే చోటొకటి ఆయనే కనిపెట్టాడు. చెరుకు కాలం రాగానే చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు వర్ని నుంచి, కోటగిరి నుంచి వచ్చిన బండ్లు మైలు పొడవున బారులు తీరేవి. తూకానికి వంతు వచ్చేదాకా బండివాళ్లు కదలడానికి లేదు. పక్కకు పోతే వంతు పోతుంది.

"లేచి వెళ్లిపోలేని సభ, సలోమీ!" అని ఆయన ఎంత సంబరపడ్డాడో చెప్పలేం.

గొడుగు వేసుకుని బండ్ల మధ్య నిలబడి, తప్పిపోయిన గొర్రె గురించి మొదలుపెట్టాడు. ఒక ముసలి బండివాడు బీడీ ఆర్పి మరీ విన్నాడు.

"ఎన్ని తప్పినయ్ సారు?"

"ఒక్కటే. ఆ ఒక్కదాని కోసం కాపరి—"

"గుర్తేమన్న ఉందా? నిన్న చందూర్ తొవ్వల ఒకటి ఒంటిగ తిరుగుతుండె. నల్ల మూతిది. గదేనా సూడు."

గొర్రె సంగతి తేల్చుకోలేక ఫిలేమోను రెండో అంశంలోకి వెళ్లాడు. మూడో అంశంలో ఉండగా వరుస కదిలింది. బండ్లు పది గజాలు ముందుకు పోతే ఆయనా పది గజాలు నడిచాడు. నాలుగో అంశంలో మళ్లీ కదిలింది. అలా చెబుతూ నడుస్తూ, నడుస్తూ చెబుతూ, ఏడో అంశం వచ్చేసరికి బండితో పాటు తూకపు కాంటా మీదికి ఎక్కేశాడు.

"సారు, జెర దిగుండ్రి. మీ బరువు చెరుకుల కలుస్తుంది" అని కాంటా గుమాస్తా చేతులు జోడించాడు.

ఈ సంగతి ఫిలేమోను ఇంట్లో చెప్పలేదు. పక్కింటి పోశయ్య చెప్పాడు. ఆ బండి ఆయనదే. పోశయ్య భార్య పెంటవ్వ ఆ కథను మూడుసార్లు చెప్పించుకుని, మూడుసార్లూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఆ తర్వాతే గోడ దగ్గరికొచ్చి సలోమిని పలకరించింది. ఆ నవ్వుతోనే ఇద్దరికీ స్నేహం కలిసింది.

పెంటవ్వ అరుగు మీద మధ్యాహ్నం పూట నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. సలోమి పిల్లనెత్తుకుని వెళ్లి వాళ్ల దగ్గర కూర్చునేది. అక్కడ చేతులు ఊరికే పెట్టుకున్నది ఆమె ఒక్కతే. పెంటవ్వ రెండు రోజులు చూసి ఊరుకుంది. మూడోనాడు కత్తెర తీసి ఆమె చేతిలో పెట్టింది.

"పాస్టరమ్మ, ముచ్చట నోటితోటి చెప్తవు గద, చేతులేం చేస్తున్నయి? గీ ఆకు కత్తిరియ్యి."

నానిన తునికాకు మీద రేకుముక్క పెట్టి దాని కొలతకు కత్తిరించడం సలోమికి ఒక్కపూటలో పట్టుబడింది. తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడవడం నెలకు వచ్చింది. ఎవరి చాటలో చుడితే ఆ బీడీలు వాళ్లవే. ఆమెకు కావలసింది ముచ్చట. ఇదంతా ఫిలేమోను సైకిలు మీద వర్నికో చందూర్‌కో వెళ్లిన వేళల్లో జరిగేది. దాచాలని కాదు. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు, అంతే. ఆయన వచ్చేలోగా మాత్రం సున్నిపిండితో చేతులు రెండుసార్లు కడుక్కునేది.

చుట్టేటప్పుడు ఆమె సన్నగా కీర్తనలు పాడేది. వేళ్ల నడకకు ఆ పాటలు బాగా కుదిరాయి. ఆదివారం మీ కొట్టంలో ఏముంటుందని ఒకనాడు పెంటవ్వ అడిగింది.

"పాటలుంటాయి. తర్వాత మా ఆయన మాటలుంటాయి."

"పాటలకు అస్తం తియ్యి" అంది పెంటవ్వ.

మొదట ఇద్దరొచ్చారు. ఏడాది తిరిగేసరికి పదకొండు మంది. పెంటవ్వ పోశయ్యను కూడా లాక్కొచ్చింది. ఆయన గుంజకు ఆనుకుని మొదటి పాట అయ్యేలోగా నిద్రపోయేవాడు. గురక లేని నిద్ర కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇది తన ఏడు అంశాల మహిమేనని ఫిలేమోను నమ్మాడు. నాటిన నారు వేరు పట్టిందని హైదరాబాదుకు ఉత్తరం రాశాడు. సలోమి ఆ ఉత్తరం చదివి, అక్షరదోషం ఒకటి దిద్ది, అంటించి పంపింది.

ఆ ఉత్సాహంలోనే 1959 శ్రావణంలో ఆయన పొగాకు మీద ప్రసంగం పెట్టాడు. గేటు దగ్గరి బండివాళ్లను తలుచుకుని రాసుకున్న ప్రసంగం అది. ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకోలేదు. పొగాకు సాతాను తోటలో మొలిచిన ఆకన్నాడు. తాగేవాడిది పాపమన్నాడు. అమ్మేవాడిది అంతకన్నా పాపమన్నాడు. ఆ ఆకును ముట్టిన చేతులు దేవుని ఎదుట ఎత్తడానికి పనికిరావన్నాడు. హార్మోనియం దగ్గర కూర్చున్న సలోమి తలెత్తి చూసింది. పదకొండు మంది ఆడవాళ్లు మెల్లగా చేతులు కొంగుల కిందికి లాక్కుంటున్నారు. ఆమె కూడా మెట్ల మీంచి తన చేతులు తీసి ఒళ్లో దాచుకుంది. చివరి కీర్తన హార్మోనియం లేకుండానే నడిచింది. అదేమిటని ఫిలేమోను అడగలేదు.

మరుసటి ఆదివారం పోశయ్య ఒక్కడే వచ్చాడు. కిందటి వారం ప్రసంగం విననివాడు ఆయనొక్కడే మరి.

"నాట్ల కాలం కదా, పొలాలకు పోయి ఉంటారు" అన్నాడు ఫిలేమోను భోజనం ముందు కూర్చుని.

"పొలాలకు పోలేదండీ. పెంటవ్వ అరుగు మీదే ఉన్నారు. బీడీలు చుడుతున్నారు."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "బీడీలా? మన సంఘస్థులా?"

"మన సంఘమంతా వాళ్లే." సలోమి తన కుడిచెయ్యి కంచం పక్కన పెట్టింది. ఆవేళ సున్నిపిండితో కడగలేదు. బొటనవేలు, చూపుడువేలు కొసలు గోధుమరంగులో ఉన్నాయి. "నేను కూడా."

ఫిలేమోను ఆ వేళ్లకేసి చాలాసేపు చూశాడు. "పాస్టరు భార్యవు నువ్వు" అన్నాడు చివరికి. ఆ మాట కూడా గట్టిగా రాలేదు.

ఎన్నో మాటలు మింగడం నేర్చిన సలోమి ఈసారి మింగలేదు.

"అత్తయ్యగారి వేళ్లు మీకు గుర్తున్నాయా?"

ఫిలేమోను తల్లి గుంటూరులో ఒక పొగాకు కంపెనీ షెడ్డులో ఆకు ఏరే పని చేసింది. పొద్దున కూర్చుంటే పొద్దుగుంకేదాకా రంగు రంగుగా ఆకు వేరుచేయడమే. పోయేనాటికి కూడా ఆ మరక ఆమె వేళ్లను వదల్లేదు. సలోమి కాపురానికొచ్చిన మొదటి ఏడాది ఆ చేతులకు నూనె రాసింది.

"ఆ వేళ్లతోనే మీకు అన్నం కలిపి పెట్టింది. ఆ ఆకే మిమ్మల్ని సెమినరీ దాకా చదివించింది. అది సాతాను తోటే అయితే మనమూ అందులోంచే వచ్చాం కదండీ."

ఆయన చెయ్యి కడుక్కుని లేచి కొట్టంలోకి వెళ్లి కూర్చున్నాడు. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఎక్కువ అన్నానేమోనని సలోమికి భయం పట్టుకుంది. తల్లి పేరెత్తి మగవాణ్ణి మాటతో కొట్టడం మంచి పని కాదని తనను తానే తిట్టుకుంది. మూడోనాడు ఆయన వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టాడు. అది ఆడవాళ్లకు చెప్పవలసిన క్షమాపణ. ఐదు అంశాలు, ఉపసంహారం. సలోమి చదివి, పైనున్న ఒక్క వాక్యం ఉంచి, మిగతా కాగితం మడిచి పొయ్యి దగ్గర పెట్టింది.

"ఇది చాలు."

ఫిలేమోను గొడుగు లేకుండా పక్కింటికి నడిచాడు.

"నేను తప్పు మాట్లాడాను, పెంటవ్వగారూ" అన్నాడు అరుగు కింద నిలబడి.

పుట్టినప్పటి నుంచీ పెంటవ్వను గారూ అని పిలిచినవాళ్లు లేరు. ఎవరినంటున్నాడోనని ఆమె వెనక్కి తిరిగి చూసింది. తననేనని తెలిశాక గొంతు సవరించుకుంది.

"తాగద్దంటె తాగద్దను సారు. మా పోశయ్యకు నేను రోజు చెప్తనే ఉన్న. గని మా చేతులను అనకు. గీ చేతులతోనే పోరగాళ్లకు బువ్వ పెడ్తున్న."

"మా అమ్మ కూడా అలాగే పెట్టింది" అన్నాడు ఆయన. అని, ఊరుకోలేక, ఆ షెడ్డు గురించి చెప్పాడు. చిన్నప్పుడు తల్లి కొంగు వాసన పీలిస్తే తుమ్ములొచ్చేవనీ, చదువుకునే రోజుల్లో స్నేహితుల ఎదుట ఆ వాసనకు సిగ్గుపడి ఆమెను హాస్టలుకు రావద్దన్నాననీ చెప్పాడు. ఈ ఆఖరి సంగతి సలోమికి కూడా తెలియదు. అరుగు మీద కత్తెరలు ఆగిపోయాయి. పెంటవ్వ చాట పక్కకు జరిపి చోటిచ్చింది.

"కూసో సారు."

కూర్చున్నవాడు ఊరికే కూర్చోలేదు. కత్తెర తీసుకుని ఆకు కత్తిరించబోయాడు. పది ఆకులు పాడయ్యాక పెంటవ్వ కత్తెర లాక్కుంది.

"నువ్వు సదువు సారు, ఆకు మాకిడిచిపెట్టు. ఏడేడు చెప్పకు. ఒక్క కథ సదువు."

అలా మధ్యాహ్నాలు ఆయన అరుగు మీద కూర్చుని వాక్యం చదవడం మొదలైంది. మొగుడు పోయినా అత్తను విడవకుండా, పరాయి ఊళ్లో గింజలు ఏరుకుని బతికిన కోడలి కథ చదివితే, ఆ అత్త మంచిదా కాదా అని రెండు రోజులు పెద్ద రభస జరిగింది. కోడల్ని పంపిన అత్త తాను కూడా చేనుకెందుకు పోలేదన్నది పెంటవ్వ వాదన. ఫిలేమోనుకు సెమినరీలో ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. జవాబు కోసం తడుముకోవడం ఆయన అక్కడే నేర్చుకున్నాడు. ఆదివారాల ప్రసంగంలో ఏడు అంశాలు మూడయ్యాయి. అంతకన్నా తగ్గించడానికి మాత్రం ప్రాణం ఒప్పలేదు.

నాలుగేళ్లలో జనం నలభై దాటారు. 1963లో, ఇక దీన్ని సంఘంగా గుర్తించవచ్చా లేదా చూడడానికి హైదరాబాదు నుంచి ముగ్గురు పెద్దలు వస్తున్నామని కబురు పెట్టారు. సంఘమనిపించుకోవాలంటే జనం ఎన్నుకున్న పెద్దలు కనీసం ఇద్దరుండాలి. ఇద్దరూ మగవాళ్లయి ఉండాలి.

"పెద్దలంటె మగోళ్లేనా సారు? ఆదివారం అచ్చేది మేమైతిమి" అంది పెంటవ్వ.

"నియమం" అన్నాడు ఫిలేమోను నేల చూస్తూ.

ఉన్న మగవాళ్లలో ఫ్యాక్టరీలో ఫిట్టరు నర్సింలు నెమ్మదస్తుడు, చదువుకున్నవాడు. రెండోవాడు కావాలంటే వెతగ్గా వెతగ్గా పోశయ్యే దొరికాడు.

పెద్దలొచ్చే పొద్దున ఫిలేమోను కంగారుపడి, చాటలు ఎక్కడైనా దాచమని ఆడవాళ్లను బతిమాలాడు. "చాటలు దాస్తారు సరే, వాసనెక్కడ దాస్తారండీ?" అంది సలోమి. అయినా కొట్టం మూల పెట్టి పైన దుప్పటి కప్పారు. వచ్చినవాళ్లలో అందరికన్నా పెద్దాయన, నల్లకోటు, తెల్లగడ్డం. గుమ్మంలో అడుగుపెడుతూనే మూడు తుమ్ములు తుమ్మాడు. దుప్పటికేసి చూశాడు.

"తంబాకా?"

ఫిలేమోను దుప్పటికి అడ్డంగా జరిగి నిలబడ్డాడు. పెద్దాయన కోటు జేబులోంచి చిన్న వెండి డబ్బీ తీసి, రెండు వేళ్లతో నశ్యం పట్టి పీల్చి, కళ్లు తుడుచుకున్నాడు.

"మీది బాగా ఘాటుగా ఉంది. మాకు దొరికేది ఇంత బాగుండదు" అన్నాడు.

సలోమి హార్మోనియం మెట్ల మీదికి తలవంచుకుంది. భర్త ముఖం చూస్తే నవ్వాగదని ఆమెకు తెలుసు.

నర్సింలు పరీక్ష చక్కగా అయిపోయింది. తర్వాత పోశయ్య వచ్చి నిలబడ్డాడు.

"సంఘానికి శిరస్సు ఎవరు?"

పోశయ్య అటూ ఇటూ చూశాడు. "మా ఇంటిదాన్ని అడగాలె సారు."

"ఆమెను కాదయ్యా, నిన్నడుగుతున్నాను."

తలుపు వెనకాల నుంచి చిన్నగా క్రీస్తు, క్రీస్తు అని వినిపించింది. "క్రీస్తు సారు" అన్నాడు పోశయ్య.

"సంఘపెద్ద చేయవలసిన పనులేమిటి?"

తలుపు వెనక గుసగుస వేగం పెరిగింది. పోశయ్య చెవి అటు పెట్టి, తర్వాత పూర్తిగా అటే తిరిగాడు. "జెర నిమ్మలంగ చెప్పే, ఇనబడ్త లేదు" అన్నాడు.

కొట్టమంతా ఘొల్లుమంది. పెద్దాయన నవ్వలేదు. కాగితం పక్కన పెట్టాడు.

"ప్రసంగంలో నిద్రపోతావని విన్నాను. నిజమేనా?"

"నిజమే సారు. పొద్దంత చెరుకు మోస్త. ఇంటికాడ పండుకుంటె నిద్ర పట్టది, ఏవేవో యాదికొస్తయి. గీ కొట్టంల కూసుంటె పానం నిమ్మలమైతది. ఎందుకో నాకు తెల్వది."

పెద్దాయన కాగితం మళ్లీ ముందుకు లాక్కున్నాడు. తర్వాత కలం తీసి పోశయ్య పేరు రాశాడు. భోజనాల దగ్గర ఫిలేమోనుతో మాత్రం, "తలుపు వెనకామె పేరు రాయడానికి మా దస్త్రంలో చోటు లేదు. ఆ సంగతి నేను సభలో అడుగుతాను" అన్నాడు. అడిగాడో లేదో తెలియదు. ఏమీ మారలేదు. పెంటవ్వ మాత్రం ఆ రోజు నుంచి సంఘపెద్దల సమావేశానికి టీ తెచ్చే నెపంతో వచ్చి, చివరిదాకా కూర్చునేది. వెళ్లిపొమ్మనే ధైర్యం ఏ పెద్దకూ చాలలేదు.

1969లో ఇటుకల గుడి లేచింది. పొద్దున ఇటుకలు మోసి, మధ్యాహ్నం బీడీలు చుట్టి, ఆడవాళ్లే సగం పని ముగించారు. సలోమి అప్పటికి పూర్తిగా బోధన్ మనిషైపోయింది. గుంటూరులో చెల్లెలి ఇంటికి వెళ్లి నాలుగు మాటలు మాట్లాడితే పిల్లలు చుట్టూ చేరి ఇంకోసారి అనిపించుకునేవారు.

1973 వేసవిలో ఉత్తరం వచ్చింది. ఆదిలాబాదు వైపు కొత్త సంఘం మొదలుపెట్టాలి, ఫిలేమోనుకన్నా అనుభవమున్నవాడు లేడు. ఆయన గర్వంగా రెండుసార్లు పైకి చదివాడు. సలోమి వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పదహారేళ్ల ఊరు. ప్రిస్కిల్ల నిజామాబాదులో టీచరు ట్రైనింగులో ఉంది. తనకు మాత్రం మళ్లీ కొత్త సంత, కొత్త గోడ. ముఖం కడుక్కుని వచ్చింది.

"అక్కడి ఆడవాళ్లు ఏం పని చేస్తారండీ?"

"పత్తి ఏరుతారట. పోస్టుమాస్టరుది ఆ వైపేనని అడిగాను" అన్నాడు ఫిలేమోను, ఉత్తరం మడుస్తూ.

సలోమి ఆయనకేసి కొత్తగా చూసింది.

బస్సు దగ్గరికి గల్లీ అంతా వచ్చింది. తారాబాయి కర్రపట్టుకుని వచ్చింది. పోశయ్య ట్రంకు పెట్టెలు మీదికెక్కించి, కళ్లు తుడుచుకోవడానికి పైనే ఉండిపోయాడు. పెంటవ్వ ఏడవలేదు. కిటికీ దగ్గర నిలబడి చివరిదాకా జాగ్రత్తలు చెప్పింది. ముందు సలోమికి, తర్వాత ఫిలేమోనుకు.

"సారు, ఆడ గూడ మొదలే మాట్లాడకు. ముందుగాల ఇను."

"వింటాను పెంటవ్వగారూ" అన్నాడు ఆయన.

ఆరునెలలకు సలోమి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నర్సింలు అరుగు మీద నిలబడి అందరికీ చదివి వినిపించాడు. "పెంటక్కా, మంచిగున్నం. పత్తి ఏరుడు నీ బీడీలంత సులువు గాదు, నడుములు పడిపోతున్నయి. సారు రెండు నెలలు ఏం మాట్లాడలేదు, నాకే భయమైంది. ఇప్పుడు ఆరుగురం కూసుంటున్నం. అండ్ల ఒకామె అచ్చం నీ లెక్కనే కొట్లాడ్తది. ఆమెను సూసినంక జెర నిమ్మలమైంది నాకు."